కాయలకు కవర్లు కట్టడం: ఏ దశలో కట్టాలి, ఏ కవరు మంచిది, ఎక్కడ పనికిరాదు?

#1 మిద్దెమీదతోట
అందరికీ నమస్కారం. మా పెరట్లో ఒక జామ, ఒక మామిడి ఉన్నాయి. మిద్దె మీద పెద్ద కుండీల్లో సీతాఫలం, దానిమ్మ పెంచుతున్నాను. జామతోనే నాకు బాధ. కాయ పైకి నున్నగా నిగనిగలాడుతూ ఉంటుంది, కోసి చూస్తే గింజల చుట్టూ తెల్లటి పురుగులు మెదులుతుంటాయి. పిల్లలు చెట్టు దగ్గరే కోసుకుని తినేస్తారు కాబట్టి మందు కొట్టడానికి మనసొప్పడం లేదు. కవర్లు కడితే ఈ బెడద పోతుందని విన్నాను. ఏ సైజులో కట్టాలి? ఎలాంటి కవరు కావాలి? గాలి ఆడక కాయ కుళ్ళిపోదా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

#2 జామతోట
అక్కా, పోతుంది. మీరు చూసినవి పండు ఈగ పిల్ల పురుగులు. జామలో ఆ ఈగకు కవరు కట్టినంత ఫలితం ఇంకే పద్ధతిలోనూ నేను చూడలేదు. కాయ గోళీ సైజు దాటి నిమ్మకాయంత అయ్యేలోపు కట్టేయండి. కాయ పచ్చిగా, గట్టిగా ఉన్నప్పుడు ఈగ దాని జోలికి పెద్దగా రాదు. రంగు తిరిగి, వాసన మొదలైతే ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది. అప్పుడు కడితే లోపల గుడ్లున్న కాయకే కవరు తొడిగినట్టవుతుంది.

మేం కట్టే తీరు ఇది. ముందు కాయకు ఫోమ్ వల (దుకాణాల్లో ఆపిల్‌కు తొడిగే మెత్తటి వల) తొడుగుతాం. దాని మీద, అడుగున చిల్లులున్న పల్చటి కవరు. ఫోమ్ వల ఉంటే కవరు కాయకు అంటుకోదు, కాయా కొమ్మా రాసుకోవు, గాలికి ఊగినా మచ్చ పడదు. జామ తొడిమ పొట్టిగా ఉంటుంది కాబట్టి కవరు మూతిని తొడిమ పైనున్న కొమ్మకు కట్టాలి. తొడిమకే బిగిస్తే కాయ బరువు పెరిగాక అక్కడే తెగుతుంది.

#3 పురుగులబడి
జామతోట గారు చెప్పిన దశ సరైనదే. ఎందుకో కూడా తెలిస్తే మిగతా పండ్లకు మీరే లెక్క వేసుకోగలుగుతారు.

ఆడ ఈగకు పొట్ట చివర సూదిలాంటి భాగం ఉంటుంది. దాంతో తొక్క కిందికి గుడ్లు దించుతుంది. పైకి కనిపించేది గుండుసూది మొనంత చుక్క, కొన్నిసార్లు దాని మీద చిన్న బంక బొట్టు. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పొదిగి పురుగులు గుజ్జులోకి వెళ్తాయి. ఇక పైన ఏ మందు కొట్టినా వాటికి తగలదు. ఎదిగిన పురుగు కాయ నుంచి బయటపడి నేలలోకి దిగుతుంది, మట్టి పైపొరలోనే ప్యూపాగా (పురుగుకూ ఈగకూ మధ్య దశ) మారుతుంది. అక్కడి నుంచి కొత్త ఈగ వస్తుంది.

అంటే ఈ చక్రాన్ని మనం తెంచడానికి ముఖ్యమైన చోట్లు రెండు. ఈగకూ తొక్కకూ మధ్య అడ్డు పెట్టడం ఒకటి, రాలిన కాయ నేల మీద ఉండకుండా చూడటం రెండు. కవరు మొదటి పని మాత్రమే చేస్తుంది. చెట్టు కింద పురుగు పట్టిన కాయలు వదిలేసి పైన కవర్లు కట్టుకుంటూ పోతే, కవరు లేని ప్రతి కాయా ఈగలకు పుట్టిల్లే.

#4 మిద్దెమీదతోట
రాలిన కాయల్ని మొక్కల పాదుల్లోనే పాతేస్తున్నాను, ఎరువవుతుందని. అది సరిపోదా?

#5 పురుగులబడి
పైపైన మట్టి కప్పితే సరిపోదండి, లోపలి పురుగుకు అదే కావాలి. లోతుగా, కనీసం మోచేయి లోతు గొయ్యి తీసి పూడ్చి మట్టి గట్టిగా తొక్కాలి. లేదంటే మందమైన నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి, రోజుల తరబడి మండుటెండలో పెట్టండి. ఆ వేడికి పురుగులు చస్తాయి. ఆ తర్వాత కంపోస్టులో వేసుకోవచ్చు.

ఇంకో చక్కటి పద్ధతి ఉంది. హవాయిలో పండు ఈగల నివారణ పథకంలో దీన్ని బాగా వాడారు. ఆగ్మెంటోరియం అంటారు. సన్నటి వల గుడారం అన్నమాట. పురుగు పట్టిన కాయలన్నీ అందులో పడేస్తారు. వాటిలోంచి వచ్చే ఈగ వల కన్నాల్లో పట్టదు, లోపలే చస్తుంది. ఆ ఈగ పిల్లల మీద బతికే చిన్న పరాన్నజీవి కందిరీగలు మాత్రం ఆ కన్నాల్లోంచే బయటికి వచ్చి తోటలోకి వెళ్తాయి. శత్రువు లోపల, మిత్రుడు బయట. వల కన్నం కొలత చూసుకుంటే తోట ఉన్నవాళ్ళెవరైనా చేసుకోవచ్చు.

#6 మామిడితోపు
ఇంటి చెట్టుకు బాగానే ఉంటుంది. తోటంతా చేయాలంటే కవర్ల ఖర్చు ఒక ఎత్తు, కూలీ ఒక ఎత్తు. నిచ్చెన వేసుకుని ఒక్కో కాయకూ కట్టాలి, మళ్ళీ విప్పాలి. మా పాత చెట్లు ఇంటి కప్పు కంటే ఎత్తు. పై కొమ్మల కాయలకు కట్టే మొనగాడు ఎవడు? లాభం ఉందని చెప్పేవాళ్ళు చెట్టు ఎత్తు కూడా చెప్పాలి.

#7 జామతోట
అన్నా, నువ్వు చెప్పింది నిజం. నేల మీద నిలబడి చేతికందే చెట్టుకు, లేదా చిన్న నిచ్చెనతో అందే చెట్టుకే ఇది గిట్టుబాటు. మా తోటలో ఏటా కత్తిరింపులు చేసి చెట్టును తల ఎత్తుకు కాస్త పైన ఆపేస్తాం. దాంతో కట్టే పని సగానికి సగం తేలికైంది.

ఇంకో మాట. ప్రతి కాయకూ కట్టొద్దు. గుత్తిలో నాలుగు పిందెలుంటే బలమైన ఒకటో రెండో ఉంచి మిగతావి తుంచేస్తాం, ఉంచిన వాటికే కడతాం. కాయ సైజు పెరుగుతుంది, కవర్లు ఆదా. వంకర కాయకు, మచ్చ పడ్డ కాయకు కవరు కట్టడం దండగ. కవరు లోపల అది బాగుపడదు.

#8 మామిడితోపు
పిందెలు తుంచడం జామలో సరే. మామిడిలో పిందె వాటంతట అదే బోలెడు రాలుతుంది. నేను అడిగేది ఏ దశలో కట్టాలని. ముందు కడితే కవరుతో సహా రాలుతున్నాయి. ఆగి కడితే టెంక పురుగు అప్పటికే లోపలికి పోతోంది.

#9 పురుగులబడి
మామిడిలో అసలు చిక్కు మీరు చెప్పిన ఈ చోటే ఉంది. సహజంగా రాలాల్సిన పిందె రాలిపోయి, నిలబడ్డ కాయ కోడిగుడ్డంత అయ్యాక కట్టమని సాధారణంగా చెబుతారు. పండు ఈగకు, మసి మచ్చలకు, గాలి రాపిడికి, పక్షులకు ఆ దశ సరిపోతుంది. టెంక పురుగుకు సరిపోదు. ఆ ముక్కు పురుగు కాయ చిన్నగా ఉన్నప్పుడే తొక్క మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు గుజ్జు దాటి ఇంకా మెత్తగా ఉన్న టెంకలోకి చేరుతుంది. కాయ పెరిగేకొద్దీ దారి పూడుకుపోతుంది, అందుకే పైకి ఏమీ తెలియదు.

టెంక పురుగు ఎక్కువగా ఉన్న తోటల్లో కవరు మీద భారం వేయకండి. ఆ పురుగు కాయలు లేని కాలమంతా బెరడు పగుళ్ళలో, చెట్టు కింద చెత్తలో దాక్కుంటుంది. మొదలు శుభ్రం చేయడం, రాలిన కాయలనూ తినేసిన టెంకలనూ ఏరి నాశనం చేయడం, ఇవే దానికి మందు. కవరు పండు ఈగ కోసం.

#10 కాగితపుసంచి
కవరు రకం గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మొదలుపెడతాను. అందరూ ముందు ప్లాస్టిక్ కవరే కొంటారు. నా వాదన ఏమిటంటే, కాగితం పనిచేసే చోట ప్లాస్టిక్ జోలికి పోవద్దు.

మామిడి, ఆపిల్, పియర్, పీచ్ లాంటి వాటికి మైనం పూసిన గట్టి కాగితపు సంచి బాగుంటుంది. వానకు తట్టుకుంటుంది, లోపల చెమట పట్టదు, మూతి దగ్గర సన్నటి తీగ ఉంటుంది కాబట్టి మడిచి తిప్పితే చాలు. ఫిలిప్పీన్స్ మామిడి తోటల్లో పాత న్యూస్‌పేపరుతో చేసిన సంచులు వాడటం మామూలే. న్యూస్‌పేపరు చవక, కానీ పెద్ద వానకు ఆగదు.

నాన్‌వోవెన్ అని గుడ్డలా కనిపించే తెల్ల కవర్లు అమ్ముతారు కదా, అవి గుడ్డ అనుకుంటున్నారు చాలామంది. అవి పాలీప్రొపిలీన్. ఎండకు తట్టుకునే యూవీ రక్షణ లేనివైతే ఒక్క సీజన్‌కే పెళుసుబారి పీచులు పీచులుగా రాలిపోతాయి. ఆ పీచంతా మీ మట్టిలోకే. మందు తగ్గించి భూమిని కాపాడుదామని మొదలుపెట్టి, అదే భూమిలో ప్లాస్టిక్ పొడి కలిపితే ఏం లాభం?

#11 దానిమ్మపిందె
కాగితపుసంచి గారూ, మీ బాధ అర్థమైంది కానీ దానిమ్మలో నాకు నాన్‌వోవెనే మేలనిపిస్తోంది. కాగితం గాలికి చిరుగుతోంది, ముళ్ళకు చిరుగుతోంది. దానిమ్మ కొమ్మ సంగతి తెలిసిందే కదా. మందం ఎక్కువున్న, యూవీ రక్షణ ఉన్న కవర్లు జాగ్రత్తగా విప్పి ఉతికి ఆరబెట్టి మళ్ళీ వాడుతున్నాం.

దానిమ్మలో మా శత్రువు ఈగ కాదు, సీతాకోకచిలుక. పువ్వు మీద, పిందె మీద గుడ్డు పెడుతుంది, గొంగళి కాయలోకి తొలుచుకుని పోయి గింజలు తింటుంది. బయట రంధ్రం దగ్గర దాని మలం, దుర్వాసన. కాబట్టి మేం చిన్న నిమ్మకాయ సైజు కూడా కాకముందే కట్టేస్తాం. రెండో లాభం ఎండదెబ్బ. పడమటి ఎండ తగిలే వైపు కాయ తొక్క కమిలి గోధుమ రంగు మచ్చ పడుతుంది కదా, అది కవరులో దాదాపు ఉండదు.

వానాకాలంలో మాత్రం జాగ్రత్త. బాక్టీరియా మచ్చ తెగులు ఉన్న తోటలో తడి కవరు మంచిది కాదు. మబ్బు, ముసురు ఉన్న రోజుల్లో మేం కట్టం.

#12 మిద్దెమీదతోట
కాయను కవరులో పెట్టాక తడి ఉంటుంది కదా, కుళ్ళదా అన్న నా ప్రశ్న అలాగే ఉంది. దోమతెర గుడ్డతో చిన్న సంచులు కుట్టుకుంటే? గాలి ఆడుతుంది, ప్లాస్టిక్ గోల లేదు, కాయ కనిపిస్తుంది కూడా.

#13 జామతోట
దోమతెర ఆలోచన మంచిదే అక్కా, కానీ ఒక్కటి చూసుకోండి. వల కాయకు అంటుకోకూడదు. కాయ పెరిగి సంచి నిండిపోయి వల తొక్కకు తగిలిందంటే, ఈగ వల మీద కూర్చుని కన్నంలోంచే గుడ్డు దించేస్తుంది. పురుగులబడి గారు చెప్పిన సూది అంత సన్నం. పండిన కాయ సైజుకు రెట్టింపు పెద్ద సంచి కుట్టండి, లోపల ఫోమ్ వలో చిన్న తీగ చుట్టో పెడితే సంచి దూరంగా నిలబడుతుంది.

#14 పురుగులబడి
కుళ్ళు గురించి. కవరు వల్ల కుళ్ళు పుట్టదు, లోపల తెగులు ఉన్న కాయను కవరులో మూస్తే అది పెరుగుతుంది. ఈ తేడా పట్టుకుంటే చాలా సమస్యలు తీరతాయి.

మామిడిలో ఆంత్రక్నోస్ (నల్ల మచ్చల తెగులు) ఉందనుకోండి. ఆ బూజు పూత సమయంలో, చిన్న పిందె మీద పట్టి, కాయ పండేదాకా నిద్రలో ఉంటుంది. మీరు కట్టేటప్పుడు కాయ మచ్చ లేకుండా కనిపించొచ్చు. కవరు కొత్తగా వచ్చే బూజు గింజల్ని, వాన చుక్కల్ని ఆపుతుంది, ముందే పట్టినదాన్ని తీసేయదు. అందుకే తోటల్లో కట్టే ముందు ఒకసారి తెగులు మందు కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు కడతారు. తడి కాయకు ఎప్పుడూ కట్టకూడదు. పొద్దున్న మంచు ఆరాక మొదలుపెట్టండి.

ప్లాస్టిక్ అయితే అడుగు మూలలు రెండూ కత్తిరించాలి. లోపల చేరిన నీటిబొట్లు అక్కడి నుంచి జారిపోవాలి. పై మూతి మాత్రం బిగుతుగా ఉండాలి. మూతి దగ్గర వేలు పట్టే సందు వదిలారంటే వాన నీళ్ళు, చీమలు, ఈగ, అన్నీ అక్కడి నుంచే.

#15 మిద్దెమీదతోట
చీమలు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా సీతాఫలం కాయల గాడుల్లో తెల్లగా పిండిలాంటిది ఉంది, చీమలు కూడా తిరుగుతున్నాయి. వాటికి ఇప్పుడే కవరు కట్టొచ్చా?

#16 పురుగులబడి
అస్సలు వద్దు. అది పిండినల్లి. కవరు కట్టారంటే దానికి మీరే గూడు కట్టించి ఇచ్చినట్టు. లోపల వాన తగలదు, దాన్ని తినే అక్షింతల పురుగులు రాలేవు, చీమలు మాత్రం ఏదో సందులోంచి వెళ్ళి దాన్ని కాపాడుకుంటాయి. కవరు విప్పేసరికి కాయంతా తెల్లగా, కింద మసి పట్టి ఉంటుంది.

ముందు పాత బ్రష్‌తో, సబ్బు నీళ్ళతో గాడుల్లో మెల్లగా రుద్ది కడగండి, తర్వాత మంచినీళ్ళు. కొమ్మ మొదట్లో బంక పట్టీ చుట్టి చీమల దారి ఆపండి. కొన్ని రోజులు చూసి మళ్ళీ పిండి కనిపించకపోతే అప్పుడు కట్టండి.

#17 అరటిగెల
కాస్త ఆలస్యంగా వచ్చాను. కవర్ల గురించి మాట్లాడుతూ అరటిని వదిలేస్తే ఎలా? అరటి పెద్ద ఎత్తున ఎగుమతి చేసే తోటల్లో గెలకు కవరు లేకుండా పనే జరగదు. మధ్య అమెరికా తోటల ఫొటోలు చూస్తే ప్రతి చెట్టుకూ నీలం రంగు పొడుగాటి సంచి వేలాడుతుంటుంది.

అరటిలో కవరు చేసే పని కొంచెం వేరు. తామర పురుగులు, కాయ తొక్క గీకే పురుగులు, పక్కనున్న ఆకు రాసుకుని పడే గీతలు, దుమ్ము, ఇవన్నీ ఆగుతాయి. దాంతోపాటు లోపల వేడి కొన్ని డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి చలికాలంలో గెల త్వరగా నిండుతుంది, కాయ పొడుగూ లావూ వస్తాయి. మండు వేసవిలో అదే వేడి ఎదురు తిరుగుతుంది. పై హస్తాల (గెలలోని కాయల వరసల) మీద నేరుగా ఎండ పడితే ప్లాస్టిక్ కింద కాయ కమిలిపోతుంది. ఎండాకాలంలో మేం అదే చెట్టు ఆకు ఒకటి వంచి గెల మెడ మీద కప్పి, ఆపైన తెల్ల కవరు వేస్తాం.

అడుగు ఎప్పుడూ తెరిచే ఉంచాలి. గొట్టంలా రెండు వైపులా తెరిచిన సంచిని కింద నుంచి ఎక్కించి, పైన గెల కాడకు కట్టి, కింద గెల కంటే ఒక జానెడు పొడుగు వదలాలి. చివరి హస్తం విచ్చాక కింద వేలాడే పువ్వును తీసేస్తాం, ఎండిన పూరేకులు కవరులో రాలి కుళ్ళకుండా.

విదేశీ తోటల్లో పురుగు మందు కలిపిన కవర్లు కూడా చాలాకాలం వాడారు. దాన్ని నేను సమర్థించను. కవరు కట్టేదే మందు తగ్గించడానికి. ఆ కవరును రోజంతా చేత్తో పట్టుకునే కూలీ ఒంటికి ఆ మందు అంటుతుంది కదా.

#18 కాగితపుసంచి
చివరి మాటకు చేతులెత్తి నమస్కారం అరటిగెల గారు.

#19 పందిరితీగ
కాకర, దోస, బీర తీగలకు కూడా ఇదే ఈగ పడుతుందా? పూతకే సంచి కట్టేస్తే ఇంకా భద్రం కదా?

#20 పురుగులబడి
పూతకు కట్టకండి. తేనెటీగ రాకపోతే పిందే నిలబడదు. ఆడపువ్వు విచ్చుకుని, పరాగ సంపర్కం జరిగి, పువ్వు వాడిపోయి పిందె సాగడం మొదలయ్యాక కట్టాలి. తీగజాతి మీద వాలేది పండు ఈగకు చుట్టమే, వేరే జాతి. ఇది లేత పిందె దశలోనే గుడ్డు పెడుతుంది, కాబట్టి అక్కడ మీకు దొరికే సమయం చాలా తక్కువ. మామిడికీ జామకూ వాడే మిథైల్ యూజినాల్ ఎర కూడా తీగల ఈగకు పనిచేయదు, దానికి క్యూలూర్ ఎర తీసుకోవాలి. ఈ రెండు ఎరలూ మగ ఈగల్నే లాగుతాయి, ఆడవి వస్తూనే ఉంటాయి. ఎరను చూసుకుని కవరు మానేయకండి.

#21 మామిడితోపు
సరే, పురుగు సంగతి తేలింది. రంగు సంగతి? కవరులో పెరిగిన కాయ పాలిపోయినట్టుంటే కొనేవాడు వంకలు పెడతాడు. రుచి కూడా చప్పబడుతుందని అంటారు.

#22 కాగితపుసంచి
ఇది మంచి ప్రశ్న. రకాన్ని బట్టి జవాబు మారుతుంది.

పసుపుగా పండే మామిడికి లోపల నలుపు ఉన్న రెండు పొరల కాగితపు సంచి కడితే కాయంతా ఒకే తీరు లేత పసుపు వస్తుంది, మచ్చ ఉండదు. కోత దాకా విప్పనక్కర్లేదు. ఎర్ర బుగ్గ రావాల్సిన రకాలకు ఇది కుదరదు. ఆ ఎరుపుకు వెలుతురు కావాలి. వాటికి వెలుతురు దిగే తెల్ల సంచి కట్టాలి, లేదా కోతకు ముందు విప్పాలి.

ఆపిల్‌లో ఈ విద్యను బాగా పెంచినవాళ్ళు జపాన్ రైతులు. మొదట కాయతొలిచే పురుగు కోసం కట్టేవాళ్ళు, తర్వాత రంగు కోసమే కట్టడం మొదలైంది. చీకట్లో పెరిగిన తొక్కలో పచ్చదనం తక్కువ, ఒక్కసారి వెలుతురు తగిలితే ఎరుపు చాలా వేగంగా, సమంగా ఎక్కుతుంది. దానికి సంచి విప్పే తీరు ముఖ్యం. బయటి పొర ముందు తీస్తారు, లోపలి పల్చటి రంగు పొరను కొన్ని రోజులు ఉంచి అప్పుడు తీస్తారు. ఒకేసారి రెండూ లాగేస్తే చీకటికి అలవాటైన తొక్క ఎండకు కమిలిపోతుంది. మబ్బు పట్టిన రోజు దొరికితే మరీ మంచిది.

రుచి మాట కూడా కొట్టిపారేయలేం. అదే జపాన్‌లో ఫుజి ఆపిల్‌ను సంచి లేకుండా పెంచి ‘సన్ ఫుజి’ అని వేరే పేరుతో అమ్ముతారు. దాని రంగు అంత సమంగా ఉండదు, తీపి మాత్రం ఎక్కువని దానికి గిరాకీ. సంచిలో పెరిగినది చూపుకు బాగుంటుంది, ఎక్కువ కాలం నిలవ ఉంటుంది. ఏది కావాలో పెంచేవాళ్ళూ కొనేవాళ్ళూ తేల్చుకోవాలి.

#23 పురుగులబడి
దీనికి ఒక మాట కలుపుతాను. కాయ తొక్క మీంచి నీరు ఆవిరయ్యేకొద్దీ కాల్షియం కాయలోకి చేరుతుంది. సంచిలో ఆవిరి తగ్గుతుంది కాబట్టి కొన్ని రకాల్లో కాల్షియం లోటు వస్తుంది. ఆపిల్‌లో తొక్క కింద గోధుమ రంగు గుంటలు పడే సమస్యకు ఇదొక కారణం. ఆ సమస్య ముందే ఉన్న తోటల్లో సంచి కట్టక ముందే కాల్షియం పిచికారీ చేసుకోవాలి, కట్టాక కాయకు ఏదీ అందదు.

ఇంకోటి, కాయకు కవరు ఉంది కదా అని ఆకుల్ని మరిచిపోవద్దు. ఆకు దెబ్బతింటే కవరులోని కాయకూ తీపి రాదు. కానీ కాయ భద్రంగా ఉందన్న ధీమాతో మందుల పిచికారీ తగ్గించగలుగుతాం, దాంతో సాలీళ్ళు, అక్షింతల పురుగులు, పరాన్నజీవులు తోటలో నిలబడతాయి. ఆకుల మీది పురుగుల్ని చాలావరకు అవే చూసుకుంటాయి. కవరులో నాకు అన్నిటికన్నా నచ్చే లాభం ఇదే. ఒక పండు శుభ్రంగా వచ్చిందన్నది చిన్న సంగతి, తోటలో మిత్రపురుగులు బతికాయన్నది పెద్ద సంగతి.

#24 మామిడితోపు
ఒప్పుకుంటున్నా. ఈసారి చేతికందే కింది కొమ్మలకు కట్టి చూస్తా. మరి పైన కట్టని కాయలు ఈగకు వదిలేసినట్టే కదా?

#25 జామతోట
పై కాయల్ని ముందు కోసెయ్ అన్నా. ముదిరి గట్టిగా ఉన్నప్పుడే కోసి లోపల మగ్గబెట్టు, ఈగ చేరేలోపు. కవర్లు కట్టిన కింది కాయల్ని చెట్టు మీద కాస్త ఎక్కువ రోజులు ఉంచుకోవచ్చు. రెండు విడతల్లో కోత వస్తుంది, కూలీలు దొరకడం కూడా తేలిక.

కోతుల బెడద ఉంటే మాత్రం కవరు మీద ఆశ పెట్టుకోకు. ఉడత కొరికేస్తుంది, కోతి కవరుతో సహా పీకేస్తుంది. పక్షులకు మాత్రం బాగా పనిచేస్తుంది.

#26 మిద్దెమీదతోట
కాగితపు సంచిలో కాయ కనిపించదు కదా, తయారైందో లేదో ఎలా తెలుసుకోవడం? రోజూ విప్పి చూడలేం.

#27 దానిమ్మపిందె
మేం దారాల రంగుతో చూసుకుంటాం. ఒక్కో వారం కట్టినవాటికి ఒక్కో రంగు దారం. ఎర్ర దారం వాటిలో రెండు మూడు విప్పి చూస్తాం, అవి తయారైతే ఎర్ర దారం ఉన్నవన్నీ కోతకు వచ్చినట్టే. పుస్తకంలో ఏ రంగు ఏ వారమో రాసుకోండి, లేకపోతే రెండు నెలలకు ఎవరికీ గుర్తుండదు. విప్పి చూసేటప్పుడు చేత్తో పట్టుకుని బరువు కూడా చూడండి, తయారైన కాయ చేతికి తెలుస్తుంది.

#28 కాగితపుసంచి
కోత రోజు ఇంకో పని పెట్టుకోండి. కవర్లు కట్టేటప్పుడే ఎన్ని కట్టారో లెక్క రాయండి, విప్పాక అన్నీ తిరిగి వచ్చాయో లేదో చూడండి. తక్కువ వచ్చాయంటే అవి కొమ్మల్లో చిక్కుకుని ఉంటాయి, లేదా గాలికి కాలవలో పడి ఉంటాయి. వెతికి తీయాలి. మళ్ళీ వాడదగ్గ వాటిని సబ్బు నీళ్ళలో నానబెట్టి, తిరగేసి, ఎండలో బాగా ఆరనిచ్చి దాచండి. తెగులు సోకిన కాయ మీద నుంచి తీసినవి వేరుగా పెట్టండి, వాటిని తిరిగి వాడొద్దు.

తీగ ఉన్న కాగితపు సంచి అయితే ముందు తీగ లాగేసి, చిన్న ముక్కలు చేసి కంపోస్టులో వేయండి. పారఫిన్ మైనం పూసినవి త్వరగా కుళ్ళవు, కొనేటప్పుడే పూత ఏమిటో అడగండి. ఏ కవరునైనా పొలం గట్టు మీద కుప్ప పోసి తగలబెట్టకండి.

#29 మిద్దెమీదతోట
రేపు పొద్దున్న మంచు ఆరాక జామకే ముందు మొదలుపెడతాను. సీతాఫలాలకు ఇవాళే సబ్బు నీళ్ళు. మామిడి పిందె ఇంకా రాలుతోంది కాబట్టి ఆగుతాను. కుట్టిన సంచులు ఫొటో తీసి ఇక్కడ పెడతా, జామతోట గారూ, సైజు సరిపోతుందో చూసి చెప్పండి.

#30 జామతోట
పెట్టండి అక్కా. కాయతో కలిపి, పక్కన స్కేలు పెట్టి తీయండి. మూతి ఎక్కడ కట్టారో కూడా కనిపించాలి.